చమురు సోకిన నేల - దాని చికిత్స

గోదావరికి ఉత్తరపు గట్టున, మంచిర్యాలకు ఆనుకొని నస్పూరు కలదు. ఇది ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట మంచిర్యాల జిల్లాలో చేరినది. దీని చుట్టును సింగరేణి వారి శ్రీరాంపూరు ప్రాంతపు బొగ్గు గనులు కలవు. బొగ్గున్న చోట లారీలుండును. లారీలున్న చోట మరమ్మతు షెడ్లుండును. షెడ్డున్న చోట ఇంజను నుండి తీసిన పాత నూనె, చేజారిన డీజిలు, గ్రీజు, ఏ కొంచెమైనను నేలపై బడకుండుట అరుదు. ఇది ఈ ఒక్క ఊరికే చెందిన మాట కాదు. కరీంనగరము మొదలు ఆసిఫాబాదు వరకు రాదారి వెంట పోవువారు ఇట్టి నల్లని నేలలను చూచియే యుందురు.

గత వేసవిలో అట్టి యొక నేల నాకు చూపబడినది. పది గుంటల చెలక. దానిలో నాలుగు గుంటల మేర కొన్నేండ్లు ఒక మరమ్మతు షెడ్డుకు కిరాయికి ఇయ్యబడి యుండెను. షెడ్డు ఎత్తివేసిరి. నేల మరల ఆసామి చేతికి వచ్చినది. వర్షములు పడగానే ఆయన పెసలు చల్లెను. తక్కిన ఆరు గుంటలలో పైరు మొలచినది. షెడ్డున్న చోట ఒక్క మొక్కయు లేవలేదు. వానచినుకు పడినచో ముత్యమువలె దొర్లిపోవునే గాని లోనికి ఇంకదు. పిడికెడు మన్ను తీసి నా ముక్కు దగ్గర పెట్టి ఆ వృద్ధుడు, “సారూ, ఈ మన్ను మళ్ల మన్నయితదా?” అని యడిగెను. నేటి నా ప్రసంగమంతయు ఆ ఒక్క ప్రశ్నకు సమాధానము.

ఆయనకు అప్పటికే సలహాలు చాల వచ్చినవి. “గీకి చెర్ల పోస్తే పీడ పోతది అంటున్నరు” అనెను. మరియొకరు గడ్డి వేసి తగులబెట్టుమనిరి. వేరొకరు పైన రెండు ట్రాక్టర్ల మొరము పోసి కప్పివేయుమనిరి. ఈ మూడు సలహాలును ఒక్క తీరువే. చెరువులో పోసినచో చమురు పొలమును విడిచి చేపలను, పశువులను, ఆయకట్టును పట్టుకొనును. కాల్చినచో కొంత పొగయై మన ఊపిరితిత్తులలో చేరును, కొంత గట్టి తారై నేలలోనే నిలుచును. కప్పినచో కంటికి కనబడదు గాని, గాలి తగలని చోట చమురు ఏండ్ల తరబడి చెక్కుచెదరక యుండి, మెల్లగా బావి వైపు దిగును. ఇవన్నియు రోగమును ఒక చోటి నుండి మరియొక చోటికి పంపుట మాత్రమే, చికిత్స కానేరదు.

చికిత్స చేయవలెనన్న ముందు రోగమేదో తెలియవలెను. చమురు నేలను విషముతో మాత్రమే చంపదు. ఆకలితోను, దప్పితోను, ఊపిరాడకుండ జేసియు చంపును. మంచి నేలలో మట్టిరేణువుల నడుమ సన్నని సందులుండును. ఆ సందులలో కొంత నీరు, కొంత గాలి నిలుచును. చమురు వచ్చి రేణువులకు పూతవలె అంటుకొనును. నూనె రాచిన తామరాకుపై నీరు నిలువనట్లు ఆ రేణువులపై నీరు నిలువదు. విత్తనము నానదు. సందులు మూసుకొనుటచే వేరునకు గాలి చాలదు. ఇక ఆకలి సంగతి. చమురులో నూటికి 85 పాళ్ల వరకు కర్బనమే. తక్కినదానిలో ఎక్కువ భాగము ఉదజని. నత్రజని యుండుట అత్యల్పము. నేలలోని సూక్ష్మజీవులు ఈ కర్బనమును తినబూనినప్పుడు తమ దేహములు కట్టుకొనుటకు కావలసిన నత్రజనిని ఆ నేల నుండియే లాగుకొనును. మొక్కకు మిగిలినది సున్న. కావుననే చమురు సోకిన నేల అంచులలో మొలచిన మొక్కలు పసుపువన్నెగా గిడసబారి యుండును.

సూక్ష్మజీవులు చమురును తినునని యంటిని. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. చెంచాడు మంచి మట్టిలో కోట్ల కొలది బాక్టీరియాలు బ్రతుకుచుండును. వానితోపాటు బూజులును, కంటికి కనబడని ఇతర జీవులును ఉండును. వానిలో కొన్నింటికి చమురే యాహారము. సూడోమోనాస్, రోడోకాకస్, ఆసినెటోబాక్టర్ అను జాతులు వీనిలో ప్రసిద్ధములు. మన చెలకలలోనికి ఇవి ఎట్లు వచ్చినవి? భూమి చీలికల నుండి చమురు తనంత తాను ఊరుట యుగముల నుండి జరుగుచునే యున్నది. అంతకంటె దగ్గరి కారణము వేరొకటి కలదు. ప్రతి ఆకు మీదను పలుచని మైనపు పొర యుండును. ఆ మైనములో చమురును పోలిన పదార్థములు కలవు. ఏటేట రాలు ఆకులను మట్టి చేయు జీవులు ఈ మైనమును సహితము తినుట నేర్చినవి. కావున చమురు వాటికి బొత్తిగా కొత్త వంటకము కాదు. పరిమాణము మాత్రమే కొత్తది.

ఆ తినుట ఎట్లు జరుగునో కొంచెము చెప్పెదను. చమురు అణువు పొడుగాటి గొలుసు వంటిది. సూక్ష్మజీవి తన ఎంజైముల సహాయముతో గాలిలోని ప్రాణవాయువును దెచ్చి ఆ గొలుసు కొనకు తగిలించును. అంతటితో అది ఒక విధమైన ఆల్కహాలు అగును. పిదప కొవ్వు ఆమ్లమగును. ఆ పిమ్మట నడచు కథ మనకు తెలిసినదే. నేయి తిన్న మన దేహములో ఆ నేయి ఏ తీరున రెండేసి కర్బనముల చొప్పున తెగి శక్తినిచ్చునో, అక్కడను అట్లే తెగును. తుదకు మిగులునవి బొగ్గుపులుసు గాలి, నీరు, సూక్ష్మజీవుల దేహములు. ఆ దేహములు చనిపోయి నేలకు ఎరువగును. ఈ మొదటి మెట్టులోనే ప్రాణవాయువు కావలెనను విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మొరముతో కప్పిన చమురు ఏల నశింపదో దీనివలన తేటపడును.

చమురు నీటిలో కరగదు; సూక్ష్మజీవులు నీటి పొరలో బ్రతుకును. మరి రెంటికి పొత్తెట్లు కుదురును? తలంటుకొనునప్పుడు కుంకుడు రసము జిడ్డును విడదీయుట మనము ఎరుగుదుము. ఈ జీవులలో ననేకములు కుంకుడు నురుగు వంటి పదార్థమును తామే తయారుచేసి చమురును సన్నని బిందువులుగా చీల్చి తినును. గొలుసు రూపముగల తేలిక భాగములు ముందుగా తరుగును. ఉంగరముల వలె ముడివడిన భాగములు మెల్లగా తరుగును. తారు వంటి బరువైన భాగము చాలవరకు మిగిలిపోవును. కావున డీజిలు త్వరగా పోవును. పాత ఇంజను నూనె ఆలస్యముగా పోవును.

ఈ జ్ఞానము నిన్న నేడు పుట్టినది కాదు. 1946లో క్లాడ్ జోబెల్ అను అమెరికా శాస్త్రవేత్త అప్పటి వరకు చమురు తిను సూక్ష్మజీవులను గూర్చి తెలిసిన విషయములన్నింటిని ఒక చోట కూర్చి ప్రకటించెను. పిదప మన భారతీయుడొకడు ఈ రంగమున లోకప్రసిద్ధి గాంచెను. వంగదేశములోని సైంథియాలో 1938లో జన్మించిన ఆనందమోహన్ చక్రవర్తి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచు, వేర్వేరు సూడోమోనాస్ జీవులలోని శక్తులను ఒకే జీవిలో చేర్చి చమురులోని పలు భాగములను తినగల బాక్టీరియాను సృష్టించెను. ప్రాణమున్న దానిపై పేటెంటు ఇయ్యవచ్చునా యను వివాదము ఆ దేశపు సుప్రీం కోర్టు దాక పోయి, 1980 జూన్ 16వ తేదీన ఐదుగురు న్యాయమూర్తులు అవుననియు, నలుగురు కాదనియు చెప్పగా ఆయనకు అనుకూలముగా తీర్పు వచ్చినది. ఆయన 2020లో కీర్తిశేషుడయ్యెను. అయినను ఆ ప్రసిద్ధ బాక్టీరియాను పొలములోనో సముద్రములోనో విడువలేదు. చమురును తినుటకు అక్కరకు వచ్చినవి నేలలోని సామాన్య జీవులే.

దానికి నిదర్శనము అలాస్కాలో దొరకినది. 1989 మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డీజ్ అను ఓడ రాతిదిబ్బకు తగిలి, కోటి గ్యాలన్లకు పైగా ముడిచమురు ప్రిన్స్ విలియం సౌండ్ అను సముద్రపు పాయలో కలిసెను. ఒడ్డున రాళ్లకు పట్టిన చమురుపై అక్కడి శాస్త్రజ్ఞులు చల్లినది కొత్త జీవులను కాదు. నత్రజని, భాస్వరములు గల ఎరువును. ఆ తీరమున అంతకుముందే యున్న జీవులు ఆ ఎరువును అందుకొని, ఎరువు లేని చోటికంటె రెండు మూడు రెట్లు వేగముగా చమురును తినినవి. అయితే కథలో రెండవ భాగమును దాచరాదు. రాళ్ల క్రింద గాలి చొరని చోట చిక్కుకొన్న చమురు పదేండ్లకు పైగా గడచిన పిమ్మట త్రవ్వి చూడగా తాజాగానే కనబడినది. గాలి, ఎరువు అందిన చోట ప్రకృతి పనిచేసినది. అందని చోట చేయలేదు.

మన తెలుగునాటను చమురుతో పరిచయము తక్కువ కాదు. మన నస్పూరు ప్రక్కగా పారు గోదావరియే సముద్రమును జేరు చోట, కోనసీమలో, భూగర్భమునుండి చమురును, వాయువును తీయుచున్నారు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావిలో వాయువు అదుపు తప్పి మండి, 65 దినములు ఆరలేదు. అక్కడ చమురు సంగతి భూమి క్రిందినుండి పుట్టినది. ఇక్కడ మనకు పీపాలలో పైనుండి వచ్చుచున్నది. పాశర్లపూడి మంట లోకమంతయు చూచినది. షెడ్డు వెనుక దినమునకు గిద్దెడు గిద్దెడుగా ఇంకు నూనెను ఎవరును చూడరు. భేదమంతయు ఇదియే.

మన దేశములో ఈ చికిత్సను పెద్ద ఎత్తున చేసి చూపినవారు ఢిల్లీలోని టేరీ సంస్థ వారు. చమురు శుద్ధి కర్మాగారముల మడ్డి నుండియు, చమురు సోకిన నేలల నుండియు బాక్టీరియాలను ఏరి, వేర్వేరు భాగములను తిను జాతులను ఒక జట్టుగా కూర్చి, కేంద్ర జీవసాంకేతిక శాఖ తోడ్పాటుతో ‘ఆయిల్ జాపర్’ అను మిశ్రమమును తయారుచేసిరి. 2007లో ఓఎన్‌జీసీ, టేరీ రెండును కలిసి ఈ పనికై ఒక సంయుక్త సంస్థను స్థాపించినవి. ఆ జీవులను పొలమునకు మోసికొనిపోవుటకు వాడు ఆధారపదార్థమేదో చెప్పినచో మన ప్రాంతపు రైతులు నవ్వుకొందురు. అది మొక్కజొన్న గింజలు ఒలిచిన పిమ్మట మిగులు కండెల పొడి! కరీంనగరము జిల్లాలో కుప్పలుగా పడియుండి పొయ్యిలోనికి పోవు కండెలకు ఇట్టి గౌరవము కలదని మనము ఎరుగము.

ఇక చేయవలసినదేమి? నేలలోని జీవులకు కావలసినవి నాలుగు: గాలి, తేమ, ఎరువు, వెచ్చదనము. నాల్గవది మన ప్రాంతమున కొరత లేదు. ఈ జీవులకు 25 మొదలు 35 డిగ్రీల వేడి హితము. అయితే మంచిర్యాల వేసవిలో వేడి 45 డిగ్రీలకు ప్రాకును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలందురు గదా! అప్పుడు నేల ఎండిపోయి జీవులు నిద్రించును. కావున మృగశిరతో మొదలుపెట్టి, వానలున్న నాలుగు మాసములును పని చేయించుకొని, చలికాలమున తడి యిచ్చుచు సాగించుట ఉత్తమము.

ఎరువు సంగతి లెక్కతో చెప్పెదను. ఒక గుంట అనగా 121 చదరపు గజములు. జానెడు లోతున ఆ గుంటలోని మన్ను సుమారు 35 టన్నులు తూగును. అందులో నూటికి ఒక పాలు చమురున్నదనుకొందము. అనగా 350 కిలోలు. దానిలో కర్బనము 300 కిలోలు. నూరు పాళ్ల కర్బనమును తినుటకు పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరము కావలెనని శాస్త్రజ్ఞులు వాడుకగా లెక్కించెదరు. ఆ లెక్కన 30 కిలోల నత్రజని, 3 కిలోల భాస్వరము వలయును. యూరియాగా చెప్పినచో 65 కిలోలు. సూపర్ ఫాస్ఫేటుగా చెప్పినచో 40 కిలోలకు పైగా. వరికి ఒక పంటలో గుంటకు వేయు యూరియా రెండు మూడు కిలోలకు మించదు గదా! చమురు ఎంతటి ఆకలిని నేలపై మోపినదో దీనివలన తెలియును. అయితే ఈ 65 కిలోలను ఒక్కసారి కుమ్మరించినచో ఉన్న జీవులు సహితము చచ్చును. మిగిలినది బావిలోనికి దిగును. చనిపోయిన జీవుల నత్రజనిని బ్రతికిన జీవులు మరల వాడుకొనును గనుక లెక్కలో వచ్చినదంతయు వేయ నక్కర లేదు. మాగిన పశువుల పెంటను ధారాళముగా కలిపి, యూరియాను వరికి వేయు మోతాదుకు మించకుండ నెలకొకసారి చల్లుట మేలు. పెంట ఎరువు మాత్రమే కాదు. అది కోట్ల కొలది జీవులను వెంట తెచ్చును, నేలను గుల్లపరచును.

నేల స్వభావమును బట్టి పని మారును. ఎర్ర చెలకలో చమురు త్వరగా క్రిందికి దిగును. కాని గాలియు సులభముగా చొరబడును. కావున అక్కడ ఆలస్యము చేయరాదు. నల్ల రేగడిలో చమురు బంకవలె పట్టుకొని యుండును, గాలి చొరదు. వేసవిలో రేగడి పగుళ్లు విచ్చును. ఆ పగుళ్లలో నూనె పడినచో నిలువున నాలుగైదు అడుగులు దిగిపోవచ్చును. కావున రేగడిలో గడ్డితరుగు, వరిపొట్టు, కండెల పొడి ఎక్కువగా కలిపి మన్నును విడివడునట్లు చేయవలెను, తరచుగా దున్నవలెను.

పని వరుస ఇట్లుండును. మొట్టమొదట నూనె పడుటను ఆపవలెను. కారు కుండను అతుకక ఇల్లు తుడిచి ఫలమేమి? రెండవది, ముద్దగా తడిసిన నల్లమట్టిని వేరుగా ఎత్తి, నేలకు అంటకుండ పరచిన టార్పాలినుపై నుంచి, పైన కప్పి, అధికారులకు తెలిపి అప్పగించవలెను. ఇంటి వైద్యము పలుచగా సోకిన నేలకే. మూడవది, చుట్టును గట్టు వేసి, వాననీరు పొంగి చెరువులోనికి పోకుండ కట్టడి చేయవలెను. నాల్గవది, జానెడు లోతు దున్ని పెంట, పొట్టు కలుపవలెను. ఐదవది, తడి చూచుకొనవలెను. పిడికిట పట్టిన ముద్దగట్టవలెను, విడిచి తాకిన విడిపోవలెను. అదియే సరియైన తేమ. బురదయైనచో గాలి పోవును. ఆరవది, పది పదిహేను దినముల కొకసారి తిరుగదున్ని గాలి యాడింపవలెను. ఈ పనులు చేయువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. పిల్లలను, పశువులను అటు పోనీయరాదు.

ఇంత వరకు మొక్క మాట రాలేదు. మొక్కయే చమురును పీల్చి తినునని కొందరు తలచెదరు. అది సరికాదు. మొక్క చేయు మేలు వేరు దగ్గర నున్నది. 1904లో హిల్ట్‌నర్ అను జర్మను శాస్త్రవేత్త వేరు చుట్టును ఉండు సన్నని మట్టిపొరకు ప్రత్యేకముగా పేరు పెట్టెను. ఆ పొరలో జీవులు తక్కిన మట్టిలోకంటె ఎన్నియో రెట్లు అధికముగా నుండును. వేరు చక్కెరలను, ఆమ్లములను స్రవించి వానిని పోషించును. వేరు పోయిన దారిలో గాలియు, నీరును పోవును. దున్నిన నాగలి జానెడు పోయిన, గడ్డివేరు నిలువు లోతు పోవును. మాట వరుసకు సూక్ష్మజీవులు కూలీలైనచో మొక్క వారికి అన్నము మోసికొని పోవు ఇల్లాలు.

ఏ మొక్కలు తగును? మొదట మొండి గడ్డులు. గరిక మన చెలకలలో దానంతట అదియే వచ్చును. వట్టివేరు మరింత శ్రేష్ఠము. మంచి నేలలో దాని వేళ్లు మూడు గజముల లోతు పోవును. గట్టున నాటినచో మన్ను కొట్టుకొనిపోకుండ కాపాడును. గడ్డి నిలిచిన పిమ్మట జీలుగ, జనుము, పిల్లిపెసర వంటివి చల్లవలెను. ఇవి తమ వేరు బుడిపెలలోని బాక్టీరియాల వలన గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. చమురు కలిగించిన ఆకలిని ఇవి కొంత తీర్చును. అంచులలో కానుగ నాటవచ్చును. అదియు ఈ కుటుంబములోనిదే. అయితే ఈ నేలలో పెరిగిన గడ్డిని పశువులకు వేయరాదు. ఆకుకూరలు, గడ్డలు అసలే పండింపరాదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. మన ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనుల మట్టిదిబ్బలపై చెట్లు పెంచుట శ్రోతలు చూచియుందురు. బోసిగా నున్న దిబ్బ పచ్చబడుట సంతోషకరమే. కాని పచ్చబడుట వేరు, శుద్ధియగుట వేరు. చమురు నేలపై గడ్డి మొలచినంత మాత్రమున చమురు పోయినదని యెంచరాదు. మరియు సూక్ష్మజీవి తినలేనివి కొన్ని కలవు. వాడిన ఇంజను నూనెలో యంత్రము అరుగుటవలన చేరిన లోహములుండును. నూనెలో కలిపెడు జింకు మొదలగునవియు నుండును. లోహము మూలపదార్థము, దానిని ఏ జీవియు విరిచి లేకుండ జేయజాలదు. ఇంజను వేడిలో పుట్టిన ఉంగరపు అణువులలో కొన్ని పుట్టకురుపు వ్యాధికి కారణములు. అవి నిదానముగా తరుగును. పాత విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల నూనె పడిన చోట ఈ ఇంటి వైద్యము పనికిరాదు; అది నిపుణుల పని. బావినీటిపై ఇంద్రధనుస్సు వంటి తెట్టె కనబడినను, కిరసనాయిలు వాసన వచ్చినను, ఆ నీరు త్రాగుట మాని వెంటనే అధికారులకు తెలుపవలెను.

మన మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరము, పొటాషుల లెక్క తెలియును గాని చమురు లెక్క తెలియదు. దానికి కాలుష్య పరీక్షలు చేయు ప్రయోగశాలను ఆశ్రయింపవలెను. అయితే రైతు తన ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. రెండు కుండలు తీసికొని ఒకదానిలో చమురు నేల మన్నును, రెండవదానిలో ప్రక్క నేల మన్నును నింపి, ఒక్కొక్కదానిలో ఇరువదేసి పెసలు నాటి సమముగా తడుపవలెను. వారము దినములకు ఏ కుండలో ఎన్ని మొలచినవో లెక్క వ్రాసికొనవలెను. మూడు నెలల కొకమారు ఇట్లు చేసినచో నేల కోలుకొనుచున్నదో లేదో ఆ గింజలే చెప్పును. మంచి మన్నుతో సమముగా మొలచిన నాడు ప్రయోగశాలకు పంపుట యుక్తము. తిండిపంట వేయుట ఆ తరువాతి మాట.

చికిత్సకంటె నివారణము సులభము. షెడ్డు నేలకు సిమెంటు వేయుట, ఇంజను క్రింద రేకు తట్ట పెట్టుట, పడిన చుక్కపై వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తుట, వాడిన నూనెను మూతగల పీపాలో నిలువచేయుట - ఇవి ఎవరికిని భారము కావు. వాడిన నూనె వట్టి చెత్త కాదు; దానిని శుద్ధిచేసి మరల నూనెగా వాడవచ్చును. ప్రమాదకర వ్యర్థములను గూర్చి మన దేశములో 1989లోనే నియమములు వచ్చినవి. 2016లో వచ్చిన నియమముల ప్రకారము వాడిన నూనెను అనుమతి గల శుద్ధికారులకే అప్పగింపవలెను. 2024 ఏప్రిల్ 1వ తేదీ నుండి నూనె తయారుచేయువారిపైనను, దిగుమతి చేయువారిపైనను దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యత ఉంచబడినది. చట్టము కాగితము మీద నున్నది. తట్ట షెడ్డులో నుండవలెను. షెడ్డునకు నేల కిరాయికిచ్చు ఆసాములు ఈ రెండు మాటలు ఒప్పందములో వ్రాయించుకొన్నచో పిదప విచారించు పని లేదు.

ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తును. ఆయన మన్నును చెరువులో పోయలేదు. మృగశిర కార్తెలో గట్టు వేసి, పెంట తోలించి, పదిహేను దినముల కొకసారి తన మనుమని చేత దున్నించెను. ఒక వానకాలము గడచినది. వాసన తగ్గినది. వానచినుకు ఇప్పుడు దొర్లక ఇంకుచున్నది. అంచులలో గరిక ప్రాకినది. ఇంజనులు విప్పిన చోట, నడుమ కొంత మేర, ఇప్పటికిని నల్లగానే యున్నది. ఆయన కుండ పరీక్షలో మంచి మన్నున పదునెనిమిది మొలువగా, షెడ్డు మన్నున ఏడు మొలచినవి. నిరుడు ఒక్కటియు లేవని చోట ఏడు! ఆయన ఆ లెక్కను గోడపై బొగ్గుతో గీసికొనెను.

మన్ను మరల మన్నగునా? అగును. కాని పాడుచేసినంత త్వరగా కాదు. ఒక దినమున పారబోసిన నూనెను తినుటకు నేలకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లను తగ్గించుటకు మన చేతనున్నవి ఒక నాగలి, ఒక బండెడు పెంట, కొంత తడి, కొంత ఓర్పు. వీనిలో నాల్గవది అంగడిలో దొరకదు. తక్కిన మూడును మన ఊళ్లలోనే యున్నవి.